రోడ్డుకవతల

కువబారా గారు పన్నెండున్నరకి దిగారు,
ఏడింటికి మళ్లీ ఎగరాలి.
మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకు రమ్మని
కంపెనీ నన్ను పంపింది.
సంతకాలకి నాలుగు నిమిషాలు పట్టింది.
మిగిలిన పొద్దుని ఆయన
పరాయి దేశపు చిల్లరలా అరచేతిలో పోసుకు చూశారు.

"మా నరితాలో విమానాశ్రయం పక్కనే ఒక గుడి ఊరు.
వంపులు తిరుగుతూ దిగే వీధి,
నిప్పుల మీద ఈల్ చేపల వాసన, చివర్న గుడి.
మా అమ్మ ఆ వీధిలోనే ఊరగాయలు అమ్మేది.
మీకూ ఉండే ఉంటుంది కదా అలాంటిది?"

ఉంది, అన్నాను.
పదకొండేళ్లుగా పల్లావరంలో కాపురం.
రైలు కిటికీలోంచి పేరు చదవడమే తప్ప
ఒక్కనాడూ దిగని స్టేషను, తిరుశూలం.
దుబాసీ బతుకు కదా,
తెలియనిది తెలిసినట్టు చెప్పడం జీతంలో భాగం.

సొరంగం మెట్లు దిగి
జీఎస్టీ రోడ్డు లారీలన్నిటినీ కాసేపు నెత్తిన మోసి
అవతల తేలాం.
నాలుగు మలుపులు తిరిగేసరికి ఊరు గొంతు తగ్గించింది.
ఇస్త్రీ బండి. గోడ నీడలో మేక.
ఎదురుగా కొండ, సగమే.
మిగతా సగం పట్నంలో ఎవరెవరి గడపలయిందో,
ఏ రన్‌వే కింద కంకరయిందో.

గుడి మూసి ఉంది.
నాలుగున్నరకి తీస్తారట.
నాలుగింటికే ఆయన వరసలో నిలబడాలి.
క్షమించమనడానికి జపనీస్‌లో ఉన్న చాలా రకాల్లో
కాస్త ఖరీదైనదే వాడాను.
ఆయన విననట్టు బూట్లు విప్పి
మూసిన తలుపు ముందు బండ మీద కాలు పెట్టి
గెంతారు.
మేక చూసింది.
"అయ్యో, కాలిందా!" అన్నాను,
ఏ భాషలో అన్నానో చూసుకోకుండా.

"బండ మండతా ఉండాది,
ఆయప్పని నీడలోకి రమ్మను కూతురా."

టార్పాలిన్ కింద పూలబుట్ట, బుట్ట వెనక మునెమ్మ.
తాతలు రాళ్లు కొట్టను వచ్చారంట.
ఏ ఊరినించి అంటే
గడ్డంతో కొండని చూపించింది.
ఇప్పుడు కొట్టను కొండలేదు, గుంట ఉంది,
గుంటలో నీళ్లున్నాయి, ఈతకి పోయిన పిల్లోడొకడు రాలేదు.
చెప్తూనే ముడి వేస్తోంది, మల్లెలు తప్పకుండా.

"రాయికి పొర ఉంటాది.
పొర చూసి కొడితే మాట ఇంటాది."

పొరకి మాట దొరక్క నేను తడబడుతుంటే
కువబారా గారే అందుకున్నారు,
రాళ్లు కొట్టేవాళ్లు తమ దగ్గర దాన్ని
రాతి కన్ను అంటారట.
మునెమ్మకి చెప్పాను.
ముడి ఆపింది.
"కన్నే," అంది, "మా నాయన అట్లే చూసేవాడు,
అది మనల్ని చూసిందాకా."

అప్పుడు నెత్తి మీదుగా విమానం.
మునెమ్మ మాట మధ్యలో ఆగింది,
నోరు అలాగే తెరిచి,
చప్పుడు పోయాక అదే అక్షరం దగ్గర మొదలెట్టింది.
కువబారా గారు నవ్వబోయి మానేశారు.
"మా అమ్మా ఇంతే," అన్నారు,
"ధర చెప్తూ ఆగేది. వచ్చినవాళ్లు
ఎంతో తెలియక అలా నిలబడేవాళ్లు."

రెండు మూరలు కొని తలుపు గొళ్లేనికి చుట్టారు.
జేబులోంచి నడుమ చిల్లున్న ఐదు యెన్ల నాణెం తీసి
తలుపు కింది సందులోంచి తోశారు.
లోపల రాతి మీద అది దొర్లడం ముగ్గురం విన్నాం.
అనుకున్నదానికంటే చాలాసేపు దొర్లింది.

ఏడింటికి నేను పల్లావరంలో
కుక్కర్ మూత బిగిస్తూ అత్తతో ఫోన్‌లో ఉన్నాను.
పైన విమానం పోతుంటే ఆగాను.
"ఏమే, ఉన్నావా?" అంటోంది ఆవిడ.
ఉన్నాను.
నాలుగున్నరకి తలుపు తీసినవాళ్లెవరో
ఆ నాణేన్ని వెలుతురుకి పట్టి
చిల్లులోంచి చూసి ఉంటారు.